నలభై దాటాక ఫ్లూట్ పట్టాను: గాలి వస్తోంది, నాదం రావడం లేదు

నిజాంపేట రవి
వయసు 44. సంక్రాంతి తర్వాత కర్ణాటక ఫ్లూట్ క్లాసుల్లో చేరాను. నాతో పాటు నేర్చుకునేవాళ్లంతా ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు. వాళ్లు తర్వాతి పాఠాలైన జంట వరుసల్లోకి వెళ్లిపోయారు. నేను తొలి పాఠాలైన సరళీ వరుసల్లో మొదటిదాని దగ్గరే తిరుగుతున్నాను.

నా గోడు ఇది. ఒకరోజు షడ్జం (స) బ్రహ్మాండంగా పలుకుతుంది. మర్నాడు అదే ఫ్లూట్, అదే నోరు, ఉత్త గాలి. కాసేపు గట్టిగా ఊదితే కళ్లు తిరుగుతున్నాయి. రిషభం (రి) రోజుకో చోట ఉంటోంది. పై స్థాయి అయితే కుక్కర్ విజిలే. మాస్టారిని అడిగితే "ఊదుతూ ఉండండి, అదే వస్తుంది" అంటారు. మంచి విద్వాంసులే. కానీ ఆయన పలకా బలపం రోజుల్లోనే ఫ్లూట్ పట్టారు, శబ్దం రాని రోజులు ఆయనకి గుర్తుండే అవకాశం లేదు.

అడగాలనుకున్నవి రెండు. ఈ వయసులో పెదవులు, ఊపిరి ఇక మాట వినవా? శాక్సఫోన్, క్లారినెట్ అయితే సులువని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు, నిజమేనా?

కాకినాడ కాజా
మొదటిదానికి జవాబు తెలీదు. రెండోదానికి తెలుసు. ఆఫీసులో ఆయన మీ పక్క ఫ్లాట్‌లో ఉండరు కాబట్టి శాక్సఫోన్ కొనమంటున్నారు.

వెదురుపొద
రవిగారూ, ఏ శ్రుతి ఫ్లూట్, అంటే షడ్జం ఎంత ఎత్తులో పలుకుతుంది? ఎక్కడ కొన్నారు? అది చెప్పకుండా ఊపిరి గురించి మాట్లాడుకోవడం దండగ.

నిజాంపేట రవి
ఒకటి శ్రుతి. ఆన్‌లైన్‌లో కొన్నాను, బేస్ ఫ్లూట్ అని రాశాడు. నాదం గంభీరంగా ఉంటుందని తీసుకున్నా. వేళ్లు బాగా చాచాల్సి వస్తోంది.

వెదురుపొద
దొరికింది దొంగ. బేస్ ఫ్లూట్ అంటే గొట్టం పొడవు, రంధ్రాల మధ్య దూరం, తినే గాలి, మూడూ ఎక్కువే. మీ వేలు ఒకటి రవ్వంత పక్కకి జరిగినా రంధ్రం పూర్తిగా మూతపడదు, అప్పుడు ఎంత ఊదినా పలకదు. పెదవుల తప్పనుకుంటారు, నిజానికి అది ఉంగరం వేలి తప్పు. ముందు పొట్టిగా ఉండే ఐదు శ్రుతి తీసుకోండి. కొన్ని వందల్లో వస్తుంది. బేస్ ఫ్లూట్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి, ఏడాది తర్వాత తీయొచ్చు.

ఇక శబ్దం సంగతి. ఫ్లూట్‌లో రీడ్ (ఊదితే అదిరే పల్చటి బద్ద) లేదు. మీ పెదవుల మధ్య నుంచి వచ్చే గాలి ఊదే రంధ్రం అవతలి అంచుకి తగిలి చీలాలి. ఆ గాలి లోపలికీ బయటికీ మారుతూ ఊగితేనే గొట్టంలో గాలి మోగుతుంది. గాలి మొత్తం లోపలికి పోయినా శబ్దం రాదు, మొత్తం పైనుంచి పోయినా రాదు. కాబట్టి గట్టిగా ఊదడం వల్ల లాభం లేదు, గురి కావాలి. కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసేది ఒకటే. శబ్దం రాకపోతే ఇంకా బలంగా ఊదుతారు, పెదవులు ఇంకా తెరుచుకుంటాయి, గాలి ఇంకా చెదురుతుంది.

ఇవాళ్టి నుంచి వేళ్లు పెట్టకండి. అన్ని రంధ్రాలూ తెరిచి, అద్దం ముందు నిలబడి ఊదండి. కింది పెదవి ఊదే రంధ్రాన్ని మూడో వంతు దాకా కప్పాలి. ఫ్లూట్‌ని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ దొర్లిస్తుంటే ఒకచోట నాదం పట్టుకుంటుంది. అక్కడ ఆపి, తీసేసి, మళ్లీ పెట్టండి. తీసి పెట్టడమే సాధన. వాయించడం కాదు.

ఇంకా ఇరవయ్యే
అద్దం ముందు ఊదితే నాకు నవ్వొస్తుంది, నవ్వితే పెదవులు సాగిపోతాయి, శబ్దం పోతుంది. ఇది అందరికీనా?

వెదురుపొద
అందరికీ. అందుకే నవ్వు మొహం పెట్టి ఊదమని నేర్పే పద్ధతి నాకు నచ్చదు. మూతి కొసలు బిగించి పక్కలకి లాగితే నాదం పల్చబడుతుంది. కొసలు కాస్త కిందికి, మధ్యలో మెత్తగా ఉండాలి.

చుక్కలమందు
కళ్లు తిరగడం గురించి. వృత్తిరీత్యా కంటి డాక్టర్ని, కళ్లు తిరగడం నా శాఖ కాకపోయినా చెబుతాను. ఫ్లూట్‌కి గొట్టం నుంచి ఎదురు ఒత్తిడి దాదాపు ఉండదు, మీరు వదిలినంత గాలీ పోతూనే ఉంటుంది. మళ్లీ మళ్లీ లోతుగా పీల్చి ఊదితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానితో మెదడుకి వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తేలిపోతుంది. ఆక్సిజన్ తక్కువై కాదు. కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకుంటే పోతుంది. నాలుగైదు నిమిషాలు ఊదడం, రెండు నిమిషాలు ఆపడం. పరగడుపున వద్దు. పెదవుల సందు చిన్నదయ్యేకొద్దీ గాలి ఖర్చు తగ్గి ఇది దానంతటదే పోవాలి. పోకపోతే, లేదా ఊదనప్పుడు కూడా వస్తుంటే, మీ డాక్టర్‌కి చూపించండి.

నా శాఖ విషయం ఒకటి. ట్రంపెట్, ఓబో లాంటి బిగువైన వాద్యాల్లో ఊదేటప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లు, నలభై దాటి ఇవి మొదలుపెట్టే ముందు కళ్లు పరీక్ష చేయించుకోవడం మంచిది. ఫ్లూట్‌కి ఈ బాధ అంతగా లేదు.

మూడు మీటలు
డాక్టర్‌గారూ, పొద్దున్నే టెన్షన్ పెట్టారు. నేను ట్రంపెట్ వాయిస్తాను. మా నాన్నకి గ్లకోమా.

చుక్కలమందు
టెన్షన్ వద్దు, పరీక్ష కావాలి. అది పది నిమిషాల పని.

శ్రుతిపెట్టె
వెదురుపొద గారు శబ్దం గురించి చెప్పినవన్నీ సరే. కానీ "వేళ్లు పెట్టకండి, వాయించకండి" అంటే పెద్దవాళ్లు వారంలో మానేస్తారు. పిల్లలకి ఇంట్లో అమ్మ ఉంటుంది కూర్చోబెట్టడానికి. ఈయనకి ఎవరున్నారు? రోజూ ఒక వరస ఏదో పలికితేనే మర్నాడు ఫ్లూట్ ముట్టుకోబుద్ధవుతుంది.

నిజాంపేట రవి
నాకు మా ఆవిడ ఉంది, కూర్చోబెట్టడానికి కాదు, తలుపు వేయడానికి.

శ్రుతిపెట్టె గారూ, రిషభం ఎందుకు కుదరడం లేదో చెప్పండి. మాయామాళవగౌళే వాయిస్తున్నాం.

వెదురుపొద
అదే నా రెండో అనుమానం. గొంతుకి మాయామాళవగౌళ సరే, ఫ్లూట్‌కి మొదటి రాగంగా అది కష్టం. లెక్క చూడండి. కర్ణాటక ఫ్లూట్‌లో ఎనిమిది రంధ్రాలు, షడ్జానికి పైనుంచి రెండు మూస్తాం. ఒకటి తెరిస్తే చతుశ్రుతి రిషభం, అంటే రి స్వరంలో ఒక రకం. రెండూ తెరిస్తే అంతర గాంధారం. అటువైపు మూడు మూస్తే కైశికి నిషాదం, నాలుగు చతుశ్రుతి ధైవతం, ఐదు పంచమం. అంటే రంధ్రాలు పూర్తిగా మూస్తూ తెరుస్తూ పోతే వచ్చేది హరికాంభోజి రాగం. మాయామాళవగౌళకి వేరే రకాలు కావాలి: శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. మూడూ సగం మూసిన రంధ్రాలే. శబ్దమే రాని మనిషికి సగం మూసిన రంధ్రం ఇస్తే, అది ఎంత సగమో ఏ చెవి చెబుతుంది?

చాలామంది ఫ్లూట్ మాస్టార్లు మొదటి కొన్ని నెలలు హరికాంభోజిలోనో శంకరాభరణంలోనో వరుసలు చెప్పించి, తర్వాత మాయామాళవగౌళకి వస్తారు.

శ్రుతిపెట్టె
ఇక్కడ ఒప్పుకోను. పురందరదాసు కాలం నుంచి వస్తున్న పద్ధతి ఊరికే పెట్టింది కాదు. మాయామాళవగౌళలో స్వరాలు జంటలు జంటలుగా దగ్గరగా ఉంటాయి, స రి, గ మ, ప ద, ని స. చెవికి అర స్వరం దూరం పడుతుంది. హరికాంభోజి అలవాటైతే వేళ్లు టకటకా పూర్తిగా తెరవడానికి అలవాటు పడతాయి. తర్వాత గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) దగ్గర చచ్చినట్టు మళ్లీ మొదటికి రావాలి. మన సంగీతంలో వేలు రంధ్రం మీద జారాలి, తట్టకూడదు. అది మొదటి రోజు నుంచే రావాలి.

వెదురుపొద
గొంతుతో నేర్చుకునేవాడికి శుద్ధ రిషభం తప్పితే తెలుస్తుంది, ఎందుకంటే షడ్జం కదలదు. రవిగారికి షడ్జమే కదులుతోంది. అసలు స్తంభమే ఊగుతుంటే దానికి రిషభం ఎంత దూరమో ఎలా కొలుస్తారు?

శ్రుతిపెట్టె
శ్రుతి పెట్టె పెట్టుకుని కొలుస్తారు. నా పేరు అందుకే అది.

కాకినాడ కాజా
మీరిద్దరూ ఒకే వేదిక మీద కచేరీ చేస్తే టికెట్ కొంటాను.

డాలస్ పద్మ
రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పడం లేదు. నేను క్లారినెట్ 52లో మొదలుపెట్టాను. మొదటి శబ్దం ఫ్లూట్ కంటే త్వరగా వస్తుంది, రీడ్ ఉంది కాబట్టి. వచ్చే శబ్దం మాత్రం మొదట్లో బాతుది. ఒకటిన్నర, రెండు నంబర్ రీడ్‌తో మొదలుపెట్టాలి. దుకాణంలో గట్టి రీడ్ అంటగడితే దవడ నొప్పి తప్ప ఏమీ రాదు.

అసలు చిక్కు తర్వాత ఉంటుంది. ఫ్లూట్‌లో, శాక్సఫోన్‌లో పై స్థాయికి వెళ్తే వేళ్లు దాదాపు అవే, స్థాయి మారుతుంది అంతే. క్లారినెట్‌లో పై రిజిస్టర్ మీట నొక్కితే స్వరం ఎనిమిది మెట్లు కాదు, పన్నెండు మెట్లు పైకి పోతుంది. కాబట్టి కింద ఒక వేళ్ల లెక్క, పైన ఇంకో లెక్క. ఆ మధ్యలో వంతెన దాటడానికి చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ ఒకేలా చెమటలు పడతాయి.

ఇక్కడ అమెరికాలో పెద్దవాళ్ల కోసమే న్యూ హొరైజన్స్ అని బ్యాండులు ఉన్నాయి. 1991లో రాచెస్టర్‌లో ఈస్ట్‌మన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో రాయ్ ఎర్నస్ట్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా ఊళ్లలో నడుస్తున్నాయి. వాద్యం ఎప్పుడూ ముట్టుకోని రిటైరైన వాళ్లు వచ్చి చేరతారు. నా పక్కన ట్రాంబోన్ వాయించే ఆవిడకి 78. వాద్యం అద్దెకి దొరుకుతుంది, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు. మన దగ్గర ఇలాంటిది లేకపోవడమే పెద్ద లోటు. రవిగారికి పిల్లల క్లాసులో కూర్చోవడం వల్ల వచ్చే చికాకు సగం ఉంది, చదువుతుంటే తెలిసిపోతోంది.

నిజాంపేట రవి
పద్మగారూ, ఆ మాట నిజం. మొన్న ఒక పిల్లవాడు "అంకుల్, మీరు నాతో కలిపి వాయించకండి, నాకు తప్పొస్తోంది" అన్నాడు.

మూడో అంతస్తు
ఆ పిల్లవాడి వైపు నేను. మా పై ఫ్లాట్ ఆయన శాక్సఫోన్ నేర్చుకుంటున్నాడు. రోజూ రాత్రి తొమ్మిది తర్వాత ఒకే పాట, ఒకే చోట తప్పు. ఆ తప్పు ఇప్పుడు నాకూ నోటికి వచ్చేసింది. సొసైటీ గ్రూపులో పెడితే "కళని ప్రోత్సహించండి" అని జవాబు.

మూడు మీటలు
శాక్సఫోన్‌కి సరైన మ్యూట్ లేదండి, శబ్దం వెడల్పాటి చివర నుంచే కాదు, రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది. ట్రంపెట్ అయితే ఆ చివర్లో ప్రాక్టీస్ మ్యూట్ పెడితే శబ్దం బాగా తగ్గిపోతుంది. కానీ రోజూ దాంతోనే వాయిస్తే ఊదడం బిగుసుకుపోతుంది. వారానికి నాలుగు రోజులు మ్యూట్, మిగతా రోజులు గోదావరి గట్టు, అదే నా పద్ధతి. గట్టు మీద మొదట్లో అందరూ చూస్తారు. తర్వాత ఎవరూ చూడరు.

పెద్ద వయసులో ఇత్తడి వాద్యం మొదలుపెట్టేవాళ్లకి ఒక్క మాట. పెదవులే రీడ్. అవి కండరాలు, అలసిపోతాయి. పావుగంట వాయిస్తే పావుగంట ఆపాలి. మౌత్‌పీస్‌ని మూతికి అదిమి పట్టి పై స్వరాలు తెచ్చుకోవడం మొదలుపెడితే పెదవి వాచి మర్నాడు అసలు పలకదు. ట్యూబు లోంచి వచ్చే నీళ్లు ఉమ్మి అనుకుని అసహ్యపడేవాళ్లకి: చాలావరకు అది ఊపిరి లోని తేమ చల్లబడి చేరిన నీరు.

కాకినాడ కాజా
"చాలావరకు" అన్న మాట గమనించాను.

ఇంకా ఇరవయ్యే
శాక్సఫోన్ ఇత్తడిదే కదా, మరి మొదటి పోస్టులో ఫ్లూట్, క్లారినెట్‌తో కలిపి రాశారేంటి?

డాలస్ పద్మ
దేంతో చేశారన్నది కాదు, దేంతో మోగుతుందన్నది లెక్క. శాక్సఫోన్ మోగేది క్లారినెట్‌లాగే ఒంటి రీడ్‌తో. అడాల్ఫ్ శాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ అది కర్ర వాద్యాల కుటుంబంలోనే ఉంది.

శ్రుతిపెట్టె
కర్ణాటక సంగీతానికి శాక్సఫోన్ పనికొస్తుందా అన్న ప్రశ్నకి కద్రి గోపాల్‌నాథ్ జీవితమే జవాబు. ఆల్టో శాక్సఫోన్ మీటల్ని మార్పించుకుని గమకం పలికించారు. కానీ ఆయన నాదస్వరం కుటుంబం నుంచి వచ్చారు, చెవిలో సంగీతం ముందే ఉంది. శాక్సఫోన్ సులువు అనేవాళ్లు శబ్దం సులువు అంటున్నారు. సంగీతం కాదు.

పీకా పెట్టె
నాదస్వరం అన్న మాట వచ్చింది కాబట్టి మాట్లాడతాను. మాది ప్రకాశం జిల్లా, సన్నాయి మా ఇంటి పని. ఇప్పుడు నేను చేసేది వేరే ఉద్యోగం, పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం అన్నయ్యతో వెళ్తాను.

పెద్దయ్యాక సరదాకి నాదస్వరం నేర్చుకుంటామని అడిగేవాళ్లు ఈ మధ్య వస్తున్నారు. వద్దనను. కానీ తెలుసుకుని రండి. ఇది రెండు పొరల పీక, అంటే రీడ్. కావేరి వైపు నుంచి వచ్చే రెల్లుతో చేస్తారు. పీక నోట్లో నానాలి, దాని నోరు సరిచేసుకోవాలి. అందుకే వాద్యానికి దారంతో నాలుగైదు పీకలు, ఒక సూది వేలాడుతుంటాయి. ఇవాళ పలికిన పీక రేపు పలకదు. కింద ఉండే అదనపు రంధ్రాలు వాయించడానికి కావు, మైనం పెట్టి శ్రుతి సరిచేసుకోవడానికి. ఊపిరి, పెదవి, వేలు మూడూ కలిపి స్వరం చేస్తాయి. ఒకే వేలి పట్టులో మీరు పెదవితో స్వరాన్ని పైకీ కిందికీ లాగొచ్చు. బలమూ అదే, ఉరీ అదే.

మా నాన్న మాకు మొదట వాద్యం ఇవ్వలేదు. నెలల తరబడి ఒత్తు ఊదించారు. ఒకే స్వరం, ఆపకుండా. ఇక్కడ "తీసి పెట్టడమే సాధన" అన్న మాట చదివితే అదే గుర్తొచ్చింది.

నిజాంపేట రవి
ఒత్తు ఊదేటప్పుడు విసుగు రాలేదా అన్నా?

పీకా పెట్టె
వచ్చింది. వచ్చినా ఊదాలి, పెళ్లి ఆగదు కదా. మీకు ఆ బలవంతం లేదు. అదే మీ కష్టం.

మా పక్క ఊరు కరవది. నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారిది అక్కడే. ఆంధ్రాలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, తంజావూరు బాణీ పట్టి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఇంటి విద్య ఉన్నా పెద్దయ్యాక బాణీ మార్చుకున్న మనిషి. వయసైపోయింది అనేవాళ్లకి ఈ సంగతి చెబుతుంటాను.

శ్రుతిపెట్టె
అది వయసు ఉదాహరణ కాదు. అప్పటికే ఆయన వాయించేవారు. రాగం తెలిసినవాడు బాణీ మార్చుకోవడం వేరు, రవిగారు షడ్జం వెతుక్కోవడం వేరు. మహానుభావుల పేర్లు చెప్పి కొత్తవాళ్లకి ఆశ పెట్టడం నాకు నచ్చదు. ఫ్లూట్‌లో మాలి, అంటే టి.ఆర్. మహాలింగం (1926–1986) పేరు చెబుతారు, ఆయన బాల మేధావి. అందులోంచి 44 ఏళ్ల ఉద్యోగి నేర్చుకునేది ఏముంది?

పీకా పెట్టె
ఆశ పెట్టడం కాదండి, ఊరి మనిషి గురించి చెప్పుకోవడం.

వెదురుపొద
మాలి దగ్గర నేర్చుకోవలసింది ఉంది. మాలి వేళ్ల పట్టే మార్చారు. అంతకుముందు ఫ్లూట్ మీద స్వరాలు విడివిడిగా పలికేవి, ఆయన గొంతులా సాగదీశారు. తర్వాత ఫ్లూట్ విద్వాంసులు ఎన్. రమణిగారు అదే దారిలో వెళ్లారు. అంటే మీ వేళ్లు ఎక్కడ ఉండాలన్నది శిలాశాసనం కాదు. చిటికెన వేలు అందకపోతే పట్టు కొద్దిగా మార్చుకోవచ్చు.

మూడో అంతస్తు
నాకో సందేహం. రాత్రి పూట ఈల వేస్తే పాములు వస్తాయని మా అమ్మమ్మ అనేది. ఫ్లూట్‌కి కూడా వర్తిస్తుందా? పై ఫ్లాట్ ఆయనకి చెప్పాలి.

కాకినాడ కాజా
చెప్పండి. పాములకి గాలిలో శబ్దం సరిగా వినపడదు, శాక్సఫోన్ పక్కన హాయిగా ఉండగలిగేది అవే.

డాలస్ పద్మ
రవిగారూ, పళ్ల సంగతి చూసుకున్నారా? నలభై దాటాక ఇది ఎవరూ చెప్పరు. క్లారినెట్‌కీ శాక్సఫోన్‌కీ పై పళ్లు మౌత్‌పీస్ మీద ఆనతాయి. ముందు పన్నుకి క్యాప్ ఉంటే ఆ అదురు తెలుస్తుంది. మౌత్‌పీస్ మీద అతికించే చిన్న రబ్బరు బిళ్ల దొరుకుతుంది, అది పెట్టుకుంటే పోతుంది. ఫ్లూట్‌కి ఈ బాధ లేదు. మీకు క్యాప్‌లు ఉంటే వాద్యం మార్చే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి. క్లారినెట్, ట్రంపెట్ సాధారణంగా బి ఫ్లాట్‌లో ఉంటాయి. పుస్తకంలో సి అని ఉన్నది వాయిస్తే బి ఫ్లాట్ వినిపిస్తుంది. ఆల్టో శాక్సఫోన్ అయితే ఇ ఫ్లాట్, మన లెక్కలో రెండున్నర శ్రుతి. మీ అబ్బాయి కీబోర్డు పక్కన కూర్చుని అదే స్వరం వాయించి "ఈ వాద్యం పాడైంది" అని దుకాణానికి వెళ్లకండి. మా బ్యాండులో ఒకాయన వెళ్లారు.

మెహదీపట్నం లక్ష్మి
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. నేను యూట్యూబ్ చూసి ఫ్లూట్ నేర్చుకుంటున్నాను. గురువు లేకుండా కుదరదా? రామ్‌కోఠీలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాలకి వెళ్లాలంటే ఉద్యోగం సమయం కుదరడం లేదు.

వెదురుపొద
కుదురుతుంది, కొంత దూరం. శబ్దం తీయడం, వేళ్ల పట్టు వీడియోలో చూడొచ్చు. శ్రుతి తప్పుతోందో లేదో వీడియో చెప్పదు. నెలకి ఒక్కసారైనా ఎవరో ఒకరి ఎదురుగా కూర్చోండి.

శ్రుతిపెట్టె
నాకు తెలిసి గురువు లేకుండా నేర్చుకున్న ఫ్లూట్ రెండు సినిమా పాటల దగ్గర ఆగిపోతుంది.

మెహదీపట్నం లక్ష్మి
నాకు రెండు సినిమా పాటలు చాలండి.

మూడు మీటలు
ఈ వేదికలో ఇంత స్పష్టమైన లక్ష్యం ఉన్న మనిషిని మొదటిసారి చూశాను.

శ్రుతిపెట్టె
సరే, అయితే ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకోవద్దు, తంబుర యాప్ పెట్టుకోండి. ట్యూనర్ ముల్లు చూసి ఊదితే కన్ను నేర్చుకుంటుంది, చెవి నేర్చుకోదు. తంబుర మోగుతుండగా షడ్జం పట్టి, అందులో మీ శబ్దం కలిసిపోయి ఎక్కడుందో తెలియని చోట ఆపండి. పాట కోసం అయినా ఇది చేయాల్సిందే.

మెహదీపట్నం లక్ష్మి
ఇది చేస్తాను. పీవీసీ ఫ్లూట్ వాడొచ్చా? వెదురుది మే నెలలో నిలువునా పగిలింది.

వెదురుపొద
సాధనకి నిక్షేపంగా వాడొచ్చు. శ్రుతి సరిగా చేసిన పీవీసీ, శ్రుతి లేని వెదురు కంటే నయం. వెదురు పగలడానికి కారణం ఎండ ఒక్కటే కాదు. లోపల మీ ఊపిరి తడి, బయట ఏసీ పొడి గాలి. వాయించాక లోపల మెత్తటి గుడ్డతో తుడిచి, ఏసీ గదిలో బయట పడేయకుండా సంచిలో పెట్టండి. రంధ్రాలకి అటూ ఇటూ దారం బిగించి చుట్టించుకుంటే చీలిక పాకదు. కారులో మాత్రం వదలకండి.

శ్రుతిపెట్టె
పీవీసీకి నేను వ్యతిరేకం. నాదం చచ్చిపోతుంది. కానీ మే నెల హైదరాబాద్‌కి కూడా వ్యతిరేకమే కాబట్టి ఈసారికి ఊరుకుంటాను.

నిజాంపేట రవి
అప్‌డేట్. ఐదు శ్రుతి ఫ్లూట్ కొన్నాను. ఈసారి ఆన్‌లైన్‌లో కాదు, దుకాణంలో మాస్టారే ఊది చూసి ఇచ్చారు. హరికాంభోజి సంగతి భయం భయంగా అడిగాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "పిల్లలందరికీ ఒకే పాఠం కాబట్టి మాయామాళవగౌళ చెబుతున్నాను, మీకు విడిగా చెప్పమంటే హరికాంభోజితోనే మొదలుపెడదాం" అన్నారు. ఆదివారం పొద్దున విడిగా రమ్మన్నారు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో అడిగేవాణ్ణి.

కళ్లు తిరగడం బాగా తగ్గింది. పై షడ్జం మాత్రం ఇంకా విజిలే.

వెదురుపొద
పై స్థాయికి ఎక్కువ గాలి వద్దు. సన్నటి, వేగమైన గాలి కావాలి. పెదవుల సందు చిన్నది చేసి, పెదవులు కాస్త ముందుకి తెచ్చి, ఊదే రంధ్రాన్ని ఇంకొంచెం కప్పండి. గట్టిగా ఊదితే వచ్చే పై షడ్జం శ్రుతి మించి ఉంటుంది, తంబుర పెట్టుకుంటే వెంటనే దొరికిపోతుంది. నెమ్మదిగా ఊది తెచ్చుకున్నదే లెక్క.

శ్రుతిపెట్టె
కింది షడ్జం, పై షడ్జం, మళ్లీ కింది షడ్జం. ఒకే ఊపిరిలో, వేళ్లు కదలకుండా. పెదవులతోనే. అది వచ్చేదాకా వరుసల జోలికి పోవద్దు.

వెదురుపొద
"రోజూ ఒక వరస పలికితేనే మర్నాడు ముట్టుకోబుద్ధవుతుంది" అన్నది ఎవరో?

శ్రుతిపెట్టె
ఆ పోస్టు నాదే. ఇదీ నాదే.

మూడు మీటలు
అన్నట్టు కళ్ల పరీక్ష చేయించుకున్నాను డాక్టర్‌గారూ. ఒత్తిడి మామూలుగానే ఉంది, ఏడాదికోసారి రమ్మన్నారు. ఇంకో పేషెంట్ ఉంది, మా తాతగారి పాత ట్రంపెట్. మౌత్‌పీస్ ఇరుక్కుపోయింది. కటింగ్ ప్లేయర్‌తో లాగనా?

డాలస్ పద్మ
వద్దు వద్దు! పైపు మెలి తిరిగిపోతుంది. దాన్ని లాగడానికి పుల్లర్ అని చిన్న పరికరం ఉంటుంది, వాద్యాలు బాగుచేసే ఏ దుకాణంలో అయినా ఒక్క నిమిషంలో తీసేస్తారు. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి.

కాకినాడ కాజా
ఇది మూడో అంతస్తు గారికి చెప్పకండి. పై ఫ్లాట్ శాక్సఫోన్ మీద ప్లేయర్ ప్రయోగిస్తారు.

మూడో అంతస్తు
ఆలస్యమైంది, చదివేశాను.